తేనెపిట్టను చల్లార్చిన రాజకుమారుడు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టకముందు, కూర్చోవడం తెలియని రాజు ఒకాయన ఉండేవాడు. ఆయన కాళ్ళకు జబ్బేమీ లేదు. ఆ వంశంలో మొట్టమొదటివాడు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా పరుగెత్తి, ఎంత మేర చుట్టి వచ్చాడో అంత మేరా తన రాజ్యమని ఏలుకున్నాడట. అప్పటినుంచీ ఆ ఇంటి మగవాళ్ళకు కూర్చోవడమంటే నామోషీ. అన్నం నిలబడి తినేవాళ్ళు, కొలువు నడుస్తూ తీర్చేవాళ్ళు. పాపం మంత్రులు తాటాకు కట్టలు చంకన పెట్టుకుని రాజుగారి వెనకాల రొప్పుతూ తిరిగేవాళ్ళు. ఆయన పేరు జంఘాలరాజు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తురగసేనుడు, రెండోవాడు పవనసేనుడు, మూడోవాడు తరళసేనుడు. మన కథ ఈ మూడోవాడిది. అన్నలిద్దరూ కనీసం నిద్రలోనైనా కుదురుగా ఉండేవాళ్ళు. తరళసేనుడికి అదీ లేదు. పడుకుంటే కాళ్ళాడించేవాడు, నిలబడితే మెటికలు విరిచేవాడు, మాట్లాడుతుంటే ఎదుటివాడి భుజమ్మీది ఉత్తరీయం అంచు లాగేవాడు. అతన్ని కాసేపైనా ఒకచోట నిలపగలిగింది చెల్లెలు చంద్రవంక ఒక్కతే. తొమ్మిదేళ్ళ పిల్ల. కథ చెప్పమని చూపుడువేలు పట్టుకుంటే ఆ కథ అయ్యేదాకా నిలబడేవాడు. తక్కిన తొమ్మిది వేళ్ళూ ఆడుతూనే ఉండేవనుకోండి.

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున ఆ ఊరికి ఒక మాంత్రికుడు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నిప్పుల కుంపటి గుండెకు హత్తుకుని తిరుగుతాడు కాబట్టి లోకమంతా అతన్ని కుంపటి మాంత్రికుడు అనేది. కోటలో అడుగుపెట్టి, అలసిపోయాను, కూర్చోవడానికి ఏమైనా ఇప్పించండి అన్నాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అడగని మాట అది. చంద్రవంక ముచ్చటపడి పూజగదిలోంచి పీట ఎత్తుకొచ్చి వేసింది. మాంత్రికుడు ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు. కుంపట్లో నిప్పు గుప్పుమంది. అంతే, లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు బావి గట్టు రాయిలా చల్లబడింది.

వైద్యులు మిరియాల కషాయం పోశారు. కంబళ్ళ మీద కంబళ్ళు కప్పారు. కంబళి ఉన్న వేడిని దాస్తుంది గాని లేని వేడిని పుట్టించదు కదా, ఏమీ లాభం లేకపోయింది. చివరికి ఆ పిల్లకు పురుడు పోసిన మంత్రసాని ముత్యాలవ్వ వచ్చి, మంచం తీసుకెళ్ళి ఎండలో వేయమంది. వేశారు. జాము గడిచేసరికి చంద్రవంక కళ్ళు తెరిచింది, అన్నయ్యను పిలిచింది, రెండు ముద్దలు తింది. నీడ పడగానే మాట ముద్దగా అయిపోయి మళ్ళీ బిగుసుకుపోయింది. గోడమీది తొండకు ఎండ ఎలాగో ఆ పిల్లకూ అలాగే అయింది. అప్పటినుంచి పొద్దు ఎటు తిరిగితే అటు మంచం జరపడమే దాసీల పని.

"ఎండ కాసినన్నాళ్ళు పిల్ల మనది," అంది ముత్యాలవ్వ. "తొలకరి మబ్బు కమ్మిందంటే మాత్రం నన్నేమీ అడక్కండి."

ఆ మాంత్రికుడి సంగతి కూడా ఆమే చెప్పింది. ఎడారికి ఆవల ఏడు సముద్రాలు, ఏడు సముద్రాలకు ఆవల మంచుకొండ, ఆ కొండ గుహలో వాడి కాపురం. వాడి ప్రాణం బొటనవేలంత తేనెపిట్టలో ఉంది. చిన్న ముంత పెద్ద కాగు కంటే తొందరగా చల్లారినట్టు అంత చిన్న పిట్ట ఇట్టే చల్లబడిపోతుంది. అది చల్లబడితే తాను చచ్చిపోతానని, దాన్ని వెచ్చగా ఉంచడానికి లోకంలో కనిపించిన వాళ్ళ ఒంటి వేడినల్లా దోచుకుపోతుంటాడట.

పెద్దవాడు తురగసేనుడు వెంటనే పరుగు తీశాడు. ఎడారిలో మిట్టమధ్యాహ్నం పరుగెత్తి, వడదెబ్బ తగిలి, బేహారుల మంచం మీద నాలుక బయటపెట్టుకుని తిరిగొచ్చాడు. రెండోవాడు పవనసేనుడు ఎడారిని ఎలాగో దాటాడు గాని, సముద్రంలో పోటుకు ఎదురీది సత్తువంతా అయిపోయి, జాలరుల వలలో చేపలతో పాటు ఒడ్డుకొచ్చాడు. ఇద్దరికీ నుదుట తడిగుడ్డ వేసి, మజ్జిగ పోస్తూ పక్కపక్కనే పడుకోబెట్టారు. ఇదంతా అయ్యేసరికి ఉగాది కూడా వెళ్ళిపోయింది. రాజుగారు ఏమీ తోచక కోట చుట్టూ తిరుగుతున్నాడు. తరళసేనుడు ఆయన ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా కూడా ఆగలేదు. వెళ్ళొస్తానని చెల్లెలి చెవిలో చెప్పి బయలుదేరిపోయాడు.

అన్నలు నెమ్మదిగా పరుగెత్తి చెడిపోయారని అతని లెక్క. అందుకని ఎడారిలో ఇంకా జోరుగా పరుగెత్తాడు. మధ్యాహ్నానికి కళ్ళముందు ఇసుక ఊగడం మొదలైంది. చెమట కూడా ఇంకిపోయింది. ఇక పడిపోతాడనగా ఒక ఒంటె కనిపించింది. సూర్యుడికి ఎదురుగా ముఖం పెట్టి, కాళ్ళు మడుచుకుని, తీరిగ్గా నెమరు వేస్తోంది.

"కూర్చో నాయనా," అంది ఒంటె. "పైన ఒక పొయ్యి మండుతుంటే లోపల ఇంకొకటి రాజేసుకుంటావేం?"

మా ఇంట్లో కూర్చోరు అన్నాడు తరళసేనుడు. ఇది మీ ఇల్లు కాదులే అంది ఒంటె. వేరే దారిలేక దాని నీడలో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కూర్చోవడం అదే మొదలు. మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. చీమలు పాకుతున్నట్టు అరికాళ్ళు జివ్వుమన్నాయి. ఒంటె మాత్రం నెమరు ఆపకుండా తన సంగతులు చెప్పుకుపోయింది. అది పొద్దున్నే నేల చల్లగా ఉండగానే కూర్చుంటుందట, కింది నేల ఇక వేడెక్కదు. సూర్యుడికి ఎదురుగా కూర్చుంటే ఎండ ముఖానికీ రొమ్ముకూ మాత్రమే తగులుతుంది, పక్కలు కాలవు. ఒళ్ళు కాస్త వేడెక్కినా కంగారుపడి చెమట పోయదు, ఎక్కనిస్తుంది. పొద్దు వాలాక ఆ వేడిని మెల్లగా గాలికి ఇచ్చేస్తుంది. నీళ్ళు అలా మిగులుతాయి. పగటి అప్పు చల్లపూట తీర్చుకోవచ్చు, అంత తొందరేమిటి అని దాని ధోరణి.

తరళసేనుడికి తొందర ఏమిటో ఎవరికి తెలియదు! మబ్బు ఎక్కడైనా లేచిందేమోనని గడియకోసారి దక్షిణం వైపు చూస్తున్నాడు. అయినా కూర్చున్నాడు. కూర్చుని ఒంటె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టాడు. పొద్దు వాలగానే దాని వీపెక్కాడు. అలా మూడు పగళ్ళు కూర్చుని, మూడు చల్లపూటలు నడిచి ఎడారి దాటారు.

సముద్రం ఒడ్డున ఇసుకతిన్నె మీద ఒక ముసలి మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. తరళసేనుడు చేతులు జోడించి తన కష్టమంతా చెప్పుకున్నాడు. మొసలి కళ్ళు మూసుకుని విని, తీసుకెళతాను, కాని ముందు ఒళ్ళు వెచ్చబడాలి అంది. జాము గడిచింది. వెచ్చబడ్డావా అన్నాడు. వెచ్చబడ్డాను, కాని నీళ్ళు ఇంకా ఇటే తోస్తున్నాయి, అటు లాగేదాకా ఆగాలి అంది. అతను ఒడ్డు పొడవునా ఎన్నిసార్లు తిరిగాడంటే, అక్కడ ఇసుకలో కాలిబాట పడింది.

నీళ్ళు అటు లాగే పాటు మొదలయ్యాక మొసలి అతన్ని వీపునెక్కించుకుని నీటి మీద ఊరికే తేలింది. తోక కూడా ఆడించలేదు. నీళ్ళే మోసుకెళ్ళాయి. నీటివాలు తిరగబడగానే దగ్గరి దిబ్బకు చేరి మళ్ళీ నోరు తెరిచి పడుకుంది. మొదటి సముద్రం అలాగే గడిచింది. రెండోదీ అలాగే. మూడో సముద్రంలో తరళసేనుడికి ఓపిక చచ్చిపోయి దిబ్బమీంచి నీళ్ళలోకి దూకి తనంతట తాను ఈదడం మొదలుపెట్టాడు. ఒక జాముసేపు చేతులు పడిపోయేట్టు ఈదితే, పోటు అతన్ని తెచ్చి మళ్ళీ అదే దిబ్బమీద పడేసింది. మొసలి ఒక కన్ను తెరిచి చూసి మూసింది. మాట మాత్రం అనలేదు. ఆ మాట అనకపోవడమే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

అయిదో సముద్రంలో మొసలి ఒక చేపను మింగి, వచ్చే పున్నమిదాకా ఇక చాలంది. తరళసేనుడు ఆశ్చర్యపోయి, మూడు పూటలా తిన్నా మాకు చాలదే అన్నాడు.

"మీ పొయ్యి మీరే రాజేసుకోవాలి, దానికి రోజూ పుల్లలు కావాలి," అంది మొసలి. "నా పొయ్యి సూర్యుడు వెలిగిస్తాడు. అందుకే నాకు ఆకలి తక్కువ, తొందరా తక్కువ. నీ చెల్లెలికిప్పుడు నా బతుకు వచ్చిపడింది. నేను ఇలా పుట్టాను కాబట్టి బతుకుతున్నాను. ఆ పిల్ల ఇలా పుట్టలేదు, ఎంతోకాలం ఓర్చుకోలేదు."

ఆ తర్వాత రెండు సముద్రాలూ తరళసేనుడు ఎప్పుడు చేరతామని అడగలేదు. అడగకుండా ఉండడానికి గోళ్ళు కొరుక్కున్నాడు. పదివేళ్ళ గోళ్ళూ అయిపోయాక ఏడో సముద్రం ఒడ్డు కనిపించింది.

ఎదురుగా మంచుకొండ. ఇన్నాళ్ళు ఆగిన కాళ్ళు కదా, ఇక ఆగలేదు. కొండమీదికి ఉరుకు అందుకున్నాడు. సగం దూరం పోయేసరికి ఒళ్ళంతా చెమటపట్టి అంగీ తడిసిపోయింది. అప్పుడు గాలి తిరిగింది. తడిసిన అంగీ ఒంటిమీదే రేకులా గడ్డకట్టింది. పళ్ళు టకటకలాడాయి, వేళ్ళు నీలంగా మారాయి. ఆ మలుపులో గడ్డకట్టిన చెరువు మీద ఒక కొండబాతు ఒంటికాలిమీద నిలబడి ఉంది. రెండో కాలు పొట్టకింద ఈకల్లో దాచుకుంది.

ఆ బాతు నోరు మంచిది కాదు. ముందు నాలుగు చివాట్లు పెట్టింది. తడి అంగీ విప్పించి, బండ చాటున ఎండుగడ్డి ఒంటికి చుట్టుకోమంది. చలిలో చెమట పట్టేట్టు పరుగెత్తేవాడు తన చావు తానే మోసుకెళ్ళినట్టని తిట్టింది. తరళసేనుడు వణుకుతూనే, నీ కాళ్ళకు చలి లేదా అని అడిగాడు.

"నా కాళ్ళు ఈ మంచంత చల్లగానే ఉంటాయి, ఉండనీ," అంది బాతు. "కిందికి దిగే నెత్తురు దారిలో ఎదురొచ్చే నెత్తురుకు తన వేడిని ఇచ్చేసి వస్తుంది. పాదాలకు చల్లని నెత్తురే చేరుతుంది, వేడి పొట్టలోనే మిగులుతుంది. అన్నిచోట్లా వెచ్చగా ఉండాలనుకున్నవాడికి ఎక్కడా వేడి మిగలదు."

ఊపిరి మెల్లగా ముక్కుతో తీసుకోవడం, చేతులు చల్లబడుతున్నా కంగారుపడకుండా గుండెల్లో వేడిని కాపాడుకోవడం, ఇవి అతనికి కూచోబెట్టి నేర్పింది. అప్పటికి కాస్త తేరుకున్నాడు. చివర్లో బాతు కాస్త తటపటాయించి అసలు మాట చెప్పింది. దక్షిణం నుంచి వలస వచ్చినవాటిలో తనే ఆఖరిది. వస్తూ వెనక్కి చూస్తే మబ్బు సముద్రం ఒడ్డు దాటుతోంది. తరళసేనుడు ఒక్క ఉదుటున లేచాడు. బాతు రెక్క అడ్డం పెట్టింది. పరుగెత్తితే నీ అన్నల పక్కన మూడో మంచం వేయాల్సి వస్తుంది, అదీ ఇల్లు చేరితే, అంది. అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని, చెమట పట్టని నడకతో, ఒక్కో అడుగే వేసుకుంటూ కొండెక్కాడు. జీవితంలో అంత కష్టమైన పని మరొకటి చేయలేదని తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు.

గుహనిండా కుంపట్లు. వందలు, వేలు. ఒక్కో కుంపట్లో ఎవరిదో ఒంటి వేడి ఎర్రగా మండుతోంది. కుంపటి మాంత్రికుడు చేత్తో విసనకర్ర పట్టుకుని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి పరుగులు పెడుతున్నాడు. ఇది విసిరేలోగా అది మసకబారుతోంది, అది విసిరేలోగా ఇంకోటి. బండ వెనక నుంచి చూస్తున్న తరళసేనుడికి ఒళ్ళు జలదరించింది. ఆ పరుగు అచ్చం తన ఇంటి పరుగే.

గుహ నడుమ పంజరంలో బొటనవేలంత తేనెపిట్ట ఉంది. పక్కన ఒక అమ్మాయి నాలుగు ఊపిరులకోసారి దానికి తేనె చుక్క అందిస్తోంది. ఆమె పేరు పాలవెల్లి. తేనెపట్టులు కొట్టే కొండవాళ్ళ బిడ్డ. పిట్టకు తేనె పట్టడానికి మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు.

మాంత్రికుడు లోపలి కుంపట్ల వైపు వెళ్ళగానే తరళసేనుడు దూకి పంజరం తెరిచి పిట్టను పట్టుకున్నాడు. అరచేతిలో దాని గుండె రివ్వున కొట్టుకుంటోంది. మెడమీద వేలు పెట్టాడు.

"నులమకు," అంది పాలవెల్లి. "దాంట్లో ఎవరెవరి వేడో ఉంది. అది చస్తే ఆ వేడీ చస్తుంది."

అతని వేలు ఆగింది. ఆమె గబగబా చెప్పుకుపోయింది. వాళ్ళ కొండల్లో మంచు పట్టి పూలు లేని రోజుల్లో ఇలాంటి పిట్టలు కొమ్మమీదే చల్లబడి చచ్చినట్టు పడి ఉంటాయట. వెచ్చగా ఉండడానికి తిండి లేనప్పుడు వెచ్చగా ఉండడమే మానుకుంటాయి. ఎండ తగిలితే వణికి వణికి మళ్ళీ వేడెక్కి ఎగిరిపోతాయి. దీన్ని కూడా అలా నిద్రపోనిస్తే తనకు అక్కరలేని వేడినంతా అదే వదిలేస్తుంది. ఒకసారి మాంత్రికుడికి చెప్పి చూసింది. ఆగితే మళ్ళీ మొదలవదని అతని భయం, వినలేదు.

ఇద్దరూ పిట్టతో మంచు నెర్రెలోకి దూరారు. చీకటి పడేట్టు ఆమె గొంగళి అడ్డం కట్టింది. మంచుమీద పెడితే పిట్ట గడ్డకట్టి చస్తుంది. వెచ్చని చేతిలో ఉంటే నిద్రపోదు. చల్లని చెయ్యి కావాలి, అదీ కదలని చెయ్యి. పాలవెల్లి చేతులు ఆరేళ్ళ నిద్రలేమితో వణుకుతున్నాయి. తరళసేనుడు తన చేతులు మంచుకు ఆనించి చల్లబరచుకున్నాడు, వేడిని గుండెల్లో దాచుకుని, పిట్టను దోసిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పిట్ట గుండె కాస్త నెమ్మదించింది. ఇంతలో బయట మాంత్రికుడి కేక వినిపించి తరళసేనుడి వేలు అదిరింది. పిట్ట మళ్ళీ రివ్వుమంది. రెండోసారి ఇంకా నెమ్మదించింది. ఈలోగా ఇంటిమీద మబ్బు కమ్మి ఉంటుంది, చెల్లి మంచం ఎటు జరిపినా నీడే కదా అని తలచుకోగానే చెయ్యి వణికింది. పిట్ట మళ్ళీ లేచింది. పాలవెల్లి కూడా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

మూడోసారి అతను ఏ ఆలోచననీ తరమలేదు. మబ్బు వచ్చింది, రానీ అనుకున్నాడు. చెల్లి చల్లబడి ఉంటుంది, గుండె పగిలిపోతోంది, పగలనీ. మాంత్రికుడు గొంగళి దగ్గరికి వస్తున్నాడు, రానీ. లోపల ఇంత గోల జరుగుతుంటే దోసిట్లో మాత్రం ఒక్క వేలు కదల్లేదు. పిట్ట గుండె నడకలోకి దిగింది. ఆ పైన ఒక్కో అడుగే వేసింది. చివరికి, ఉందో లేదో తెలియనంత మెల్లగా అయింది. పిట్ట ఒళ్ళు చల్లగా, ముడుచుకున్న మొగ్గలా ఉండిపోయింది.

గుహలో కుంపట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. వాటి వేడి ఆవిరై లేచి, గుహ దాటి, కొండ దాటి, ఎవరిది వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. గొంగళి లాగబోయిన మాంత్రికుడు అక్కడే కూలబడ్డాడు.

ఇప్పుడు పిట్టను నలిపేస్తే అడిగేవాడు లేడు. తరళసేనుడు దోసిట్లోకి చూసుకున్నాడు. ఇంత చిన్నదాన్ని అన్నేళ్ళు ఆగనివ్వకుండా పరుగెత్తించారే అని జాలేసింది. ఎండ తగిలేచోట పెట్టాడు. కాసేపటికి అది గజగజ వణికింది, ఈకలు విదిల్చుకుంది, ఎగిరి పాలవెల్లి భుజం మీద వాలింది. మాంత్రికుడి వేళ్ళు కదిలాయి.

"నేను ఆగిపోయానా?" అన్నాడు అతను కళ్ళు తెరిచి.

"ఆగావు. మళ్ళీ మొదలయ్యావు," అంది పాలవెల్లి.

మాంత్రికుడు తలపట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇన్నాళ్ళు దోచుకున్నదంతా దేనికోసమో ఇప్పుడు అతనికే తెలియలేదు. పాలవెల్లి తన గొంగళి అతని మీద కప్పి, పిట్టను తీసుకుని పూలుండే లోయలోకి దిగిపొమ్మంది. అని, గోడకు చేరగిలబడి, ఆ నిమిషాన్నే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు తరళసేనుడికి. ఆమెను వీపున కట్టుకుని, చెమట పట్టకుండా, మెల్లగా కొండ దిగాడు. మొసలి వీపున ఏడు సముద్రాలూ పాటు కోసం ఆగి దాటాడు, ఒంటెమీద ఎడారి చల్లపూట దాటాడు. దారిపొడవునా నల్లని మబ్బులు అతని తలమీదుగా అతని ఊరి వైపే పోతూ ఉన్నాయి. పిట్ట వదిలిన వేడి తన చెల్లెలి దాకా చేరిందో, దారి తప్పిందో, చెప్పేవాళ్ళు లేరు.

ఊరు చేరేసరికి కుండపోత వాన. సూర్యుడనేవాడు లేడు. వాకిట్లో మంచం లేదు. పాలవెల్లిని వసారాలో దింపి, అప్పుడు పరుగెత్తాడు. అన్నాళ్ళూ దాచుకున్న పరుగంతా ఆ పది బారల్లో పెట్టేశాడు. లోపల గదిలో మంచం మీద నిండా దుప్పటి కప్పి ఉంది. వంగి, వానలో నానిన చేత్తో దుప్పటి కింద చెల్లెలి పాదం పట్టుకున్నాడు.

పాదం చటుక్కున వెనక్కి పోయింది.

"తియ్ చిన్నన్నా చేతులు," అంది దుప్పట్లోంచి చంద్రవంక. "చల్లగా ఉన్నాయి."

తరళసేనుడు మంచం పక్కన నేలమీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

శ్రావణంలో పెళ్ళయింది. పాలవెల్లి నెలరోజులు హాయిగా నిద్రపోయి లేచి, బాగా ఆలోచించుకుని, సరేనంది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలారు. కాని ఆ పెళ్ళిని తలచుకున్నప్పుడల్లా ఆ ఊరివాళ్ళు చెప్పుకునేది వేరే. ఆడపడుచు చంద్రవంక కొంగుముడి వేయడానికి వచ్చింది. పందిట్లో జనం, హోమం సెగ. ముడి వేస్తూ వేస్తూ, అబ్బ ఉక్క, ఎవరైనా కాస్త విసరండి అని నుదుటి చెమట తుడుచుకుంది. మంత్రాలు ఆగిపోయాయి. పందిరంతా ఆ పిల్ల చేతిమీది చెమట వంక చూసి కళ్ళు తుడుచుకుంది. జంఘాలరాజు జనాన్ని తోసుకుంటూ వచ్చి, దాసి చేతిలో విసనకర్ర లాక్కుని, ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు చెబుతున్నా వినకుండా, కూతురికి విసురుతూ ఉండిపోయాడు.